మొదటి దొప్ప నాదే

తాగే ముందు నాకు భయం వేసింది. తాగాక ఇంకా ఎక్కువ భయం వేసింది. మధ్యలో, ఆ పుల్లటి గుక్క నాలుక మీద ఉన్న కాస్సేపు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఆ కాస్సేపు కోసమే లోకం ఇంత తాగుతోంది కాబోలు.

నా పేరు భూషణం. మాట మాత్రం దూషణం అంటుంది మా చెల్లెలు. దోర్నపాల్ రోడ్డు పక్కన విత్తనాలూ పురుగుమందులూ అమ్ముతాను. బస్సు దిగి "మందు కొట్టు ఎక్కడ" అని అడిగినవాళ్ళలో సగంమందిని నా దగ్గరికి పంపుతారు, సగంమందిని సారా దుకాణానికి పంపుతారు. పెద్ద తేడా లేదు. ఇద్దరికీ మందు కొట్టేవాళ్ళే బేరం. ఒకడు పైరు మీద కొడతాడు, ఇంకొకడు గొంతులో కొడతాడు. నేను మాత్రం ముట్టను. నాకు బీపీ ఉంది, పిరికితనం ఉంది. రెండిటికీ కలిపి ఒకటే పథ్యం.

మా చెల్లెలు తిరుపతమ్మా, దాని కూతురు ప్రశాంతీ నా ఇంట్లోనే ఉంటారు. బావ పోయినప్పటి నుంచి ఆ పిల్లకు పెద్దదిక్కు నేనే. పేరు ప్రశాంతే గాని, అది పుట్టాక ఇంట్లో ఎవరికీ శాంతి లేదు. ఇక్కడి సర్కారు ఆస్పత్రిలో నర్సు. టీకాల రోజున ఐసు డబ్బా పట్టుకుని అడవి ఊళ్ళకు పోవాలి. బండి మీద తీసుకుపోయేవాడు సునీల్. ఉసూరు అవతలి పల్లెలో దోర్ల తెగ కుర్రాడు. టీకాలు ఎవరెవరికి వేసిందో గాని, సూది గుచ్చుకున్నది మాత్రం వాడికి.

"చేసుకుంటే వాణ్నే చేసుకుంటా" అంది ప్రశాంతి. తిరుపతమ్మ అలిగింది. ఆ కుర్రాడొకనాడు వానలో మా ఇంటి కప్పు ఎక్కి కారుతున్న రేకు సరిచేశాడు. వాడు కప్పు దిగేసరికి దీని అలకా దిగింది.

ఇక మిగిలింది కుండ దింపడం.

అదేమిటో సునీలే వచ్చి చెప్పాడు. పిల్లవాడి ఇంటివాళ్ళు లాంద కుండ తెచ్చి పిల్ల వాకిట్లో దింపుతారు. లాంద అంటే ధాన్యం మొలకెత్తించి, దంచి, వండి, పులియబెట్టే తాగుడు. పిల్ల తరఫు పెద్ద మొదటి దొప్ప తాగుతాడు. పిల్లవాడి తరఫు పెద్ద తర్వాతిది తాగుతాడు. ఆ పైన అందరూ. తాగితే మాట ఇచ్చినట్టు.

"తాగినంక పొద్దు దిగేదాక అది కడుపుల ఉండాలె మామా. బయటికొస్తే మాట వాపస్ వచ్చినట్టే. ఒకసారి వాపసైతే మా ఇంటి కుండ మీ ఇంటికి మళ్ళ రాదు" అన్నాడు సునీల్.

"రాకపోతే ఏమవుద్దిరా? సుక్మాలో రిజిస్టరు చేసుకోండి."

"చేసుకోవచ్చు. మా అమ్మను మా దేవుని గద్దె కాడికి రానియ్యరు. ప్రశాంతిని గడప దాటనియ్యరు. నేను ఊళ్ళె ఉన్నా లేనట్టే." వాడు నేల చూపులు చూశాడు. "మా పెదనాయిన మంగల్ మంచోడే. కానీ ఆ మాట కాడ మాత్రం రాయి."

"సరేలే. మీ అమ్మ రుచి చూసే పంపిస్తది గదా, నాకేం భయం?"

"లే మామా. మామూలు లాందైతే పూటకోసారి నాకి చూస్తది. పెండ్లి కుండకు ఎవరూ నాలుక తగిలించరు. ఎంగిలి కుండ ఎట్ల దింపుతం?"

అంటే ఆ కుండకు భూమ్మీద మొదటి నాలుక నాది. అసలే నాది పొడుగు నాలుక. ధైర్యంగా ఉన్నట్టు నవ్వాను. పనిలో పనిగా, "పులుపు ఉండేట్టు చూడమను. తెలుగువాడికి పులుపు లేకపోతే వలపు లేదు" అన్నాను. ఆ కుర్రాడు నా పరాచికాన్ని బుద్ధిగా మోసుకెళ్ళి వాళ్ళమ్మకు అప్పజెప్పాడు.

సంతలో కమలాలు కుప్పలు పోస్తున్న చలిరోజుల్లో వచ్చారు వాళ్ళు. సునీల్ తల్లి ఇర్మె, పెదనాన్న మంగల్, సునీల్. అంత దూరం జీపులో కుదుపుల మీద వచ్చినా, ఉసూరు నుంచి వచ్చినవాళ్ళలో ఒక్కరూ ఉసూరుమనలేదు. కొట్టు వెనక వాకిట్లో చాప పరిచాం. ఇర్మె దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన కుండను రెండు చేతులతో దించింది. మూతికి మోదుగాకు కట్టి ఉంది. విప్పగానే వాకిలంతా దబ్బకాయ వాసన.

మంగల్ దొప్పలో పోసి, నేల మీద నాలుగు చుక్కలు చిలకరించి, పెద్దల పేర్లేవో తలుచుకుని నా చేతికిచ్చాడు.

దొప్ప చిన్నదే. గొప్ప పెద్దది. అందరూ నన్నే చూస్తున్నారు. తిరుపతమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ని లాగుతోందో. ప్రశాంతి గుమ్మం పక్కన నిలబడి, తన పెళ్ళంతా నా గొంతులో ఉన్నట్టు నా గొంతునే చూస్తోంది. ఉన్నదీ అక్కడే.

"ఏంది సేటు, దొప్పను చూస్తే దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నవ్?" అన్నాడు మంగల్. ముసలాయన ఒంటి మీద మాంసం లేదు గాని, గొంతు మాత్రం డోలు.

కళ్ళు మూసుకుని నోట్లో పోసుకున్నాను.

అప్పుడే ఆ కాస్సేపు. ముందు తడిసిన గోధుమపిండి వాసన. వెంటనే దవడల కింద జివ్వుమంది. నిమ్మకాయ పులుపు పొడిచి పారిపోతుంది. ఇది అలా కాదు, పీట వేసుకుని కూర్చుని మాట్లాడే పులుపు. నాలుక అంచుల మీద చిటపట చిటపట సన్నటి బుడగలు. చివర్లో దబ్బ తొక్క చేదు కొంచెం, కమలా తీపి ఎక్కడో దూరంగా, పక్కింట్లో ఎవరో వలుస్తున్నట్టు. దొప్ప అడుగున మిగిలిన చుక్క తెల్లగా మబ్బుగా ఉండి, అంచున లేత గులాబీ చాయ కనిపించింది. కమలా రంగు అనుకున్నాను.

మొత్తం మింగేశాను.

"ఇర్మెక్కా! ఇది లాంద కాదు, ఆనంద!" అని అరిచాను.

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. మంగల్ తన దొప్ప ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, పులుపు బాగుందన్నట్టు తల ఊపి, ఎవరూ అడక్కుండానే ఇంకొకటి పోసుకున్నాడు. ఇర్మె సిగ్గుపడింది. ఆమె నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనిపిస్తుంది, సునీల్‌కూ అదే సందు.

నాకు భయం పోయి నోరు వచ్చింది. "ఏం మంత్రమేసినవక్కా? బియ్యం లాంద ఇట్లుండదు గదా."

"బియ్యం గాదు సేటు, గోధుమలు. మీరు పట్నపోళ్ళు, మీకు మా ఇంటి బియ్యం లాంద ఏం దింపుతం? పరువు పోదా?"

"మీకు గోధుమలెక్కడివి?"

"యవుసం ఆఫీసోళ్ళు పంచిండ్లు. బస్తాలు ఆడనే విప్పి, తలా ఇంత తట్టలల్ల పోసిండ్లు. సునీల్ చేను చివర చల్లిండు. కొన్ని మిగిలినయి. మేం రొట్టెలు తినం గద." తిరుపతమ్మ కోసం దొప్ప నింపుతూ చెబుతోంది. "ఎర్రగుండె సేటు, కుంకుమ పూసినట్టు. నాకూ అనుమానమే అయింది. వాగుల పోసి నీళ్ళు తెల్లగ వచ్చేదాక కడిగిన. కోళ్ళకేసి చూసిన. దినాం తిన్నయి, గుడ్లు పెట్టినయి, ఏం గాలే. అప్పుడే నానేసిన."

నా నవ్వు నవ్వినట్టే ఉండిపోయింది. మొహం మీంచి దాన్ని తీసేవాళ్ళు లేరు.

"అయినా కుండ లేవదే! ఎన్ని దినాలైనా పొంగదు. పెండ్లి కుండకు తోడు వెయ్యొద్దు, గాలి తోటే లేవాలె. ఊళ్ళె నవ్వుతున్నరు. ఏడుపొచ్చింది. మీకు పులుపు కావాలన్నవట గద, దబ్బకాయలు, కమలా తొక్కలు పడేసిన. తెల్లారి చూస్తే బుడబుడ బుడబుడ!"

అమ్మేది నేను. నాకు తెలియనిదేముంది? విత్తనానికి ఆ ఎరుపు ఊరికే పూయరు. నేలలో బూజు పట్టకుండా మందు పట్టిస్తారు. బూజును చంపేది కుండను పొంగనిస్తుందా? అందుకే లేవలేదు. ఆ తొక్కల మీది పులిసే గుణమేదో దాన్ని బలవంతంగా లేపింది. కడిగితే రంగు పోతుంది. గింజ లోపలికి ఇంకిన మందు పోతుందా? బస్తా మీద పుర్రె బొమ్మ ఉంటుంది, తినరాదని ఎర్రక్షరాలుంటాయి. బస్తా ఆఫీసులో ఉండిపోయింది. గోధుమలు తట్టల్లో ఊరికి వెళ్ళాయి.

అంతకన్నా ఘోరమైనది ఇంకొకటి గుర్తొచ్చి నా వెన్ను తడిసింది. డీలర్ల మీటింగులో ఒకాయన చెప్పాడు, ఈ మందు పట్టించిన చేతులతో వారం దాకా సారా ముట్టకండి, రెండూ ఒంట్లో కలిస్తే గుండె మీదికి వస్తుందని. "ఈ మందు ముట్టినవాడు ఆ మందు ముట్టరాదు" అని నేనే అక్కడ అరిచి హాలంతా నవ్వించాను. కోళ్ళకేం కాలేదంటే ఎందుకవుతుంది? కోళ్ళు తాగవు గదా.

మంగల్ రెండో దొప్ప కూడా అయిపోయింది. ఇర్మె చేతిలోని దొప్ప మా చెల్లెలి చేతిలోకి వెళ్ళింది.

చెప్పాలి. చెబితే? మొదటి దొప్ప తాగిన నోటితోనే కుండలో విషముందంటే ఏమనుకుంటారు? పిల్లనివ్వడం ఇష్టం లేక పట్నపోడు నాటకమాడాడని. ఇర్మెనేమంటారు? విషం పెట్టిందని. ఆ మాట ఆడదాని మీద పడితే ఈ పక్క ఊళ్ళలో ఏమవుతుందో నాకు తెలుసు. రాత్రికి రాత్రి ఇల్లు వదిలి పోయినవాళ్ళను చూశాను. లోకంలో దేని మీదైనా మాట విసిరే నా నాలుక, ఆ పులుపు అంటుకున్న నాలుక, అంగిలికి అతుక్కుపోయింది.

తిరుపతమ్మ దొప్పను పెదవుల దాకా ఎత్తింది.

"ఆగవే!"

ఎంత గట్టిగా అరిచానంటే, రోడ్డు మీద పోతున్న లారీవాడు హారన్ కొట్టాడు. తిరుపతమ్మ చేతిలో దొప్ప సగం ఒలికింది.

"ఎవరూ తాగొద్దు. అవి విత్తనాల గోధుమలు. మందు పట్టించినవి. కడిగినా పోదు."

ఇర్మె తన చేతులు చూసుకుంది, అటు తిప్పి, ఇటు తిప్పి. ఆ చేతులు అక్కడ ఎలా వచ్చాయో తెలియనట్టు.

మంగల్ నవ్వాడు. మంచి నవ్వు కాదు. "పిల్లనియ్యబుద్ధి లేకుంటే తాగకముందు చెప్పాలె సేటు. తాగి చెప్పుడేంది?"

"నీ కాళ్ళు మొక్కుతా పెద్దమనిషీ, నువ్వు రెండు తాగినవ్. నడువు, ఆస్పత్రికి పోదాం."

"నేను పోను. నా కడుపుల నా ఇంటి లాంద ఉంది. నీ కడుపుల ఏముందో నువ్వే..." ఆ మాట పూర్తి కాలేదు. మొహం నల్లగా కందిపోతోంది, మెడ నుంచి పైకి, ఎవరో లోపలి నుంచి రంగు పోస్తున్నట్టు. నుదుటి మీద చెమట చుక్కలు. చలికాలం అది. లేవబోయి చాప మీదే కూర్చుండిపోయాడు.

సరిగ్గా అప్పుడే నా చెవుల్లో వేడి మొదలైంది. తర్వాత బుగ్గల్లో. కుండలో పొంగనిదేదో నా గుండెలో పొంగుతోంది. దడదడా కొట్టుకుంటోంది.

"మామా, కూర్చో. అమ్మా, కుండ మీద మూత పెట్టు, ఎవర్నీ ముట్టనియ్యకు. సునీల్, జీపు." ప్రశాంతి గొంతు ఆస్పత్రి గొంతు అయిపోయింది. మా మేనకోడలు అంత ప్రశాంతంగా ఉండటం నేను మొదటిసారి చూశాను. చూసి మరీ భయపడ్డాను.

ఆస్పత్రిలో మా ఇద్దరికీ పక్కపక్కన మంచాలు. మధ్యలో ఒక్క బకెట్. డాక్టరమ్మ రాయపూర్ మనిషి, చిన్న వయసు, హిందీలో గబగబా అడుగుతుంది. ఏం మందు, ఎంత తాగారు, ఎప్పుడు. మందు పేరు నేనే చెప్పాను. చెబుతుంటే ఆమె కనుబొమలు దగ్గరకొచ్చాయి. సెలైన్ పెట్టింది. బీపీ చూసింది. నా బీపీ జీవితమంతా ఎక్కువే, ఆ రోజు తక్కువైంది. మంగల్‌ది చూసి ఇంకోసారి చూసింది. ఇంకోసారి చూడటం నాకు నచ్చలేదు.

"వాంతి వస్తే రానివ్వండి. ఆపకండి. ఆపితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అంది. ప్రశాంతి తెలుగులో మళ్ళీ చెప్పింది.

వాంతి ఎందుకు రాదు? ఎప్పటి నుంచో వస్తోంది. కడుపు ఎత్తి కుమ్ముతోంది. ఆ పులుపు గొంతు దాకా వచ్చి, తలుపు కొట్టి, నేను మింగితే కిందికి పోయి, మళ్ళీ వస్తోంది. వాంతి అయితే గాని నాకు శాంతి లేదు. వాంతి అయితే మా ప్రశాంతికి శాంతి లేదు. ఈ మాట తట్టినప్పుడు నాకు నవ్వు రాలేదు, మొదటిసారి.

కిటికీలోంచి ఎండ పడుతోంది. పొద్దు ఇంకా చెట్ల పైనే ఉంది. పొద్దు దిగేదాకా ఆపితే చాలు. అంతవరకు నేనుంటే.

చావంటే నాకెంత భయమో చెబితే మీరు నమ్మరు. బల్లి మీద పడితే స్నానం చేసి పంచాంగం చూసే మనిషిని. ఆ మంచం మీద పడుకుని నా గుండె కొట్టుకోవడం నేనే వింటున్నాను. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఖాళీ వస్తే, తర్వాతిది వస్తుందా రాదా అని ఎదురుచూపు. కాళ్ళు చల్లబడ్డాయి. తిరుపతమ్మ అరికాళ్ళు రుద్దుతూ, "అన్నా, ఏదన్నా మాట్లాడు అన్నా. నువ్వు నోరు మూసుకుంటే నాకు భయమైతాంది" అని ఏడుస్తోంది. నోరు తెరిస్తే ఏం బయటికొస్తుందో దానికి తెలియదు.

ప్రశాంతి వచ్చి నా చెవి దగ్గర వంగింది. "మామా, నాకు తెలుసు నువ్వు ఎందుకు ఆపుతున్నవో. ఆపకు. పెళ్ళి పోతే పోనీ."

తల అడ్డంగా ఊపాను.

"నీకు మొండితనం ఎవరు నేర్పిన్రు మామా? నువ్వు పిరికోడివి గదా" అంది. కళ్ళు తుడుచుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

పక్క మంచం మీద మంగల్ పళ్ళు బిగించి ఉన్నాడు. దవడ ఎముకలు పైకి పొడుచుకొచ్చాయి. మొహంలో కందినదంతా దిగిపోయి ఇప్పుడు బూడిద రంగు. కడుపు కడగడానికి గొట్టం వేద్దామని డాక్టరమ్మ వస్తే నోరు తెరవలేదు. చేత్తో నెట్టేశాడు. ఇర్మె ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని వాళ్ళ భాషలో బతిమాలుతోంది. సునీల్ గోడకు ఆనుకుని, తాను చల్లిన గోధుమలు తన నెత్తినే మొలిచినట్టు నిలబడ్డాడు.

"పెద్దయ్యా, ఒక్కసారి కక్కెయ్. నీ కాళ్ళు పట్టుకుంటా. నేనే అడుగుతున్న, పెండ్లిపిల్లను" అంది ప్రశాంతి.

మంగల్ కళ్ళు తిప్పి నన్ను చూశాడు. పళ్ళ సందులోంచి, ఒక్కొక్క ముక్కా ఈడ్చుకుంటూ అన్నాడు. "సేటు... ఆపిండు. పట్నపోడు... ఆపంగ... నేను ఆపలేనా?"

నాకప్పుడు అర్థమైంది. ఆ మనిషిని చంపుతున్నది గోధుమలు కాదు. నేను.

నేను ఒక దొప్ప తాగాను, ఆయన రెండు. నా ఒంట్లో ఏళ్ళ తరబడి తిన్న నెయ్యి ఉంది. ఆయన ఒంట్లో ఏముంది? డాక్టరమ్మ బీపీ పట్టీ ఆయన చేతికి బిగించి, ఈసారి చూసి ఏమీ అనలేదు. బయటికి పరుగెత్తింది. జగదల్‌పూర్ ఆంబులెన్స్ ఎక్కడుందని ఫోన్‌లో అరుస్తోంది.

ఎండ కిటికీ ఊచల మీదికి వచ్చింది. ఇంకొంచెం. ఇంకొంచెం సేపు నేను ఆపగలను. నాకు తెలుసు, ఆపగలను. ఆయన ఆపుతాడు, చచ్చిపోతూ ఆపుతాడు. అప్పుడు మాట నిలుస్తుంది, పెళ్ళి నిలుస్తుంది. పెళ్ళిపందిట్లో ఇర్మెను చూసి ఊరు ఏమంటుంది? బావను చంపిన కుండ అంటుంది.

ప్రశాంతిని చూశాను. అది మంగల్ నాడి పట్టుకుని ఉంది, నా వైపు చూడటం లేదు. మంచిదే. చూస్తుంటే చెయ్యలేకపోయేవాణ్ని.

లేచి కూర్చున్నాను. బకెట్ దగ్గరికి లాక్కున్నాను. మంగల్ నన్ను చూస్తున్నాడని రూఢి చేసుకుని, రెండు వేళ్ళు గొంతులోకి తోశాను.

నేనేదీ మెల్లగా చెయ్యలేను. వార్డంతా అదిరింది. ఆ దబ్బకాయ, ఆ కమలా, ఆ పులుపు, మేనకోడలి పెళ్ళి, అన్నీ ముక్కుల్లోంచి కూడా వచ్చాయి. కళ్ళు తెరిచేసరికి ప్రశాంతి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నేను బకెట్‌ను అలాగే మంగల్ మంచం వైపు నెట్టాను.

"నా వల్ల గాలే" అన్నాను.

ఆయన నన్ను ఎంతసేపు చూశాడో. ఆ చూపులో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు. తర్వాత దవడ వదులైంది. ఇర్మె ఆయన తల పట్టుకుంది.

ఆ తర్వాత ఆయన నోరు తెరిచాడు, గొట్టం వేయనిచ్చాడు, నల్లటి బొగ్గు నీళ్ళు ఇద్దరి చేతా తాగించారు. ఆంబులెన్స్ వచ్చి ఆగి ఉంది. డాక్టరమ్మ మళ్ళీ మళ్ళీ బీపీ చూసి, కాసేపు ఆగుదాం అంది. మంగల్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిరుపతమ్మ నా కాళ్ళు వదిలి కూతురి పక్కకు పోయింది. బతికితే సంతోషంగా ఉంటుందనుకుంటాం. నాకు బతికినందుకు భయం వేసింది. రేపు పొద్దున ప్రశాంతి మొహం చూడాలి. దాని మొహంలో ఏముంటే నేనేం చేస్తాను? ఒక పరాచికం ఆడి తప్పించుకుంటానా?

పొద్దు దిగింది. మంగల్ కదిలి, గోడ వైపు చూస్తూనే వాళ్ళ భాషలో ఇర్మెతో ఏదో అన్నాడు. ఇర్మె లేచి నా మంచం దగ్గరికి వచ్చింది. మందు సంగతి చెప్పాక ఆమె నన్ను నేరుగా చూడటం అదే మొదలు.

"ఆగలేక కక్కినవా, కావాలని కక్కినవా అని అడుగుతాండు సేటు."

నేను సునీల్ వైపు చూశాను. వాడు మెల్లగా అన్నాడు. "ఆగలేక అంటే పైకి పోయిన మా పెద్దలకు ఇష్టం లేదని. కావాలని అంటే నీకు ఇష్టం లేదని."

రెండు తలుపులూ మూసే అడిగాడు ముసలాయన. మాటకు మాట అప్పుడే పుట్టించే నేను, ఇటు తిప్పి అటు తిప్పి మూడో తలుపు వెతికాను. గొంతు మంట తప్ప ఏమీ దొరకలేదు.

"కావాలనే" అన్నాను. "ఆయనకు వినబడేటట్టు చెప్పక్కా. నన్ను చూసి ఆయన ఆపుతాండు. నేను ఆపితే ఆయన పోతడు. పిల్ల నన్ను జన్మలో క్షమించదని తెలుసు. అయినా చేసిన. నాకు చావంటే భయం. ఎవరిదైనా సరే."

ఇర్మె చెప్పనక్కర్లేకపోయింది. ఆయనకు వినబడింది. మళ్ళీ గుండెలో ఆ దడదడ. ఈసారి మందు వల్ల కాదు. ప్రశాంతి వార్డు చివర సూదులు సర్దుతున్నట్టు నటిస్తోంది, ఒకే సూదిని తీసి పెట్టి, తీసి పెట్టి.

మంగల్ ఇటు తిరిగాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. నన్ను చూడలేదు. నా నెత్తి మీద వేలాడుతున్న సీసాను చూశాడు.

"ఓ పిల్లా" అన్నాడు. డోలు గొంతు పోయి గీరుకుపోయిన గొంతు. "ఏం చేస్తున్నవ్ ఆడ? వియ్యంకుని సీసా ఖాళీ అయింది. మార్చు."

ఇర్మె నేల మీదే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. సునీల్‌కు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడను పట్టుకున్నాడు. తిరుపతమ్మ "ఏమన్నడు, ఏమన్నడు" అని అందర్నీ అడుగుతోంది.

ప్రశాంతి కొత్త సీసా తెచ్చింది. మార్చబోయి గొట్టాన్ని గట్టిగా లాగింది. గొట్టం ఊడి నా చేతిలోని సూది కదిలింది. రక్తం పైకి ఎగదన్నింది.

"అయ్యో మామా, ఇంకోచోట గుచ్చాలె" అంది ఏడుస్తూ.

నేను కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాను. సూదంటే నాకు చాలా భయం.